చెప్పని మాట

మా అక్క కూతురు ఈ ఊళ్ళోనే నర్సింగు చదువుతోంది. ఆదివారం మా ఇంటికొస్తే, "పక్కింటావిడ మీ ఆస్పత్రిలోనే ఉందటగా, ఏమిటే జబ్బు?" అన్నాను.

"ఆవిణ్ణే అడుగు పిన్నీ" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఎత్తుకు పెంచినదాన్ని, నా దగ్గరా దాపరికం!

అది నవ్వి, దీపాలు వెలిగించి తాము చేసే ప్రమాణం గురించి చెప్పింది. నైటింగేల్ పేరు పెట్టుకున్నా ఆవిడ రాసింది కాదట. 1893లో అమెరికాలో, డెట్రాయిట్‌లోని నర్సింగు బడిలో పుట్టిందట. రోగుల సొంత సంగతులు, ఇంటి గుట్లు బయట పెట్టననేది అందులో ఒక మాట. వైద్యం చేసేవాళ్ళకి చెప్పి తీరాలి, చూడొచ్చినవాళ్ళకి కాదు.

"ప్రేమతోనే అడిగానే!" అన్నాను.

"అందరూ ప్రేమతోనే అడుగుతారు పిన్నీ."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా తొలి కాన్పులో బిడ్డ దక్కలేదన్న సంగతి, నేను కళ్ళు తెరిచేసరికే వీధంతా తెలుసు. వచ్చినవాళ్ళంతా ప్రేమతోనే వచ్చారు. కానీ నేను నోరు విప్పకముందే నా దుఃఖం ఊరిదైపోయింది. జబ్బుపడ్డ మనిషికి ఒళ్ళెలాగూ తన చేతిలో ఉండదు. తన కథైనా ఉండొద్దూ?

మర్నాడు చారు పట్టుకెళ్ళి పక్కింటావిడ మంచం దగ్గర కూర్చున్నాను. ఏమీ అడగలేదు. కాసేపటికి ఆవిడే చెప్పింది.

ఏమిటంటారా? అమ్మో, మీకు చెప్పను!