ఒళ్లోంచి దింపిన కన్నయ్య

రెండో కాన్పు దగ్గరపడుతున్న ఇళ్లలో ఓ హడావుడి ఉంటుంది. డెలివరీలోపు పెద్దబిడ్డకి పాలు మాన్పించాలి, డైపర్ మాన్పించాలి, వేరే పక్క అలవాటు చేయాలి, ప్లేస్కూల్లో వేయాలి. అన్నీ ఒకేసారి!

భాగవతం దశమ స్కంధంలో యశోదమ్మ కన్నయ్యకు పాలిస్తూ ఉంటుంది. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. ఇంకా కడుపు నిండని బిడ్డను దింపి పరుగెత్తింది. అంతే, కన్నయ్య అలిగి పెరుగు చిలికే కుండ పగలగొట్టేశాడు! ఒడి దూరమైతే పరమాత్మే అంత అలిగాడు, మరి మన రెండేళ్ల బుజ్జాయి సంగతేంటి? అమ్మ కర్ర పట్టుకుని వెంటపడింది కానీ, బిడ్డ భయం చూడగానే కర్ర పారేసింది.

మన పెద్దలు అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, అక్షరాభ్యాసం దేని సమయానికి దాన్ని పెట్టారు. ప్రతిదీ ఆ బిడ్డ పండగే. ఇంకొకరికి చోటు ఖాళీ చేయించడానికి పెట్టింది కాదు.

అందుకే మార్పులు ముందుగానే, ఒక్కొక్కటిగా, తీరిగ్గా చేయండి. నెలలు నిండుతుంటే మిగిలినవి ఆపేయండి. "తమ్ముడో చెల్లో వస్తున్నారు, ఇక నువ్వు దిగు" అనకండి. చంటిబిడ్డ వచ్చాక పెద్దబిడ్డ మళ్లీ పక్క తడిపితే తిట్టకండి. అది కన్నయ్య పగలగొట్టిన కుండే అనుకోండి.

రోజూ పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి, ఆ బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఈ కథే చెప్పండి. చంటిబిడ్డ వచ్చాక కూడా ఆ పది నిమిషాలు పోనివ్వకండి.

జై శ్రీకృష్ణ!