చిన్న ప్రతి

కంటికి కనిపిస్తున్నదంతా మన దగ్గర ఉన్నట్టేనా? ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్లతో కాపురం చేస్తున్న నాకు ఈ సందేహం ఆఫీసులో ఎప్పుడూ రాలేదు. మా అమ్మ అడిగిన ఒక ఫోటో దగ్గర వచ్చింది.

2019 డిసెంబరులో న్యూజెర్సీ నుంచి తెనాలి వెళ్తూ కొత్త డిజిటల్ కెమెరా పట్టుకెళ్ళాను. బరువెందుకని లాప్‌టాప్ మానేశాను. కెమెరాలో వై-ఫై ఉంది, ఫోన్లో దాని యాప్ ఉంది, ఇంకేం కావాలి? పగలు తీసిన ఫోటోలు రాత్రికి ఫోన్లోకి దిగేవి. అక్కణ్ణుంచి క్లౌడ్‌లోకి వెళ్ళేవి. నాన్నగారు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, ఫోన్ దూరంగా పట్టుకుని ఒక్కొక్కటే చూసేవారు. "బాగానే వచ్చాయిరా" అనేవారు. అన్నీ భద్రంగా ఉన్నాయనుకుని, కార్డు నిండినప్పుడల్లా చెరిపేసి మళ్ళీ వాడాను.

2022లో నాన్నగారు పోయారు. ఆ పడక్కుర్చీ ఫోటో పెద్దది చేయించి గోడకి తగిలిద్దామంది అమ్మ. అప్పుడు ఫైలు పరీక్షగా చూశాను. కెమెరా తీసింది 24 మెగాపిక్సెళ్ళ ఫోటో. ఫోన్‌కి వచ్చింది 2 మెగాపిక్సెళ్ళ చిన్న ప్రతి. త్వరగా చేరాలని కొన్ని కెమెరాలు అలా కుదించి పంపుతాయి. అసలుది కావాలంటే సెట్టింగు మార్చుకోవాలి, లేదా కార్డు రీడరుని ఫోన్‌కి తగిలించి నేరుగా దింపుకోవాలి. ఫోన్ తెరమీద చూస్తే రెంటికీ తేడా తెలియదు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే మాత్రం ఆ చిన్న ప్రతి అయిదున్నర అంగుళాలు దాటదు.

ఆఫీసులో అందరికీ నేను చెప్పే సూత్రాలు రెండున్నాయి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట ఉండాలన్నది మొదటిది. తిరిగి తెరిచి చూసుకోని బ్యాకప్ బ్యాకప్పే కాదన్నది రెండోది. చెప్పడానికేం, ఎన్నైనా చెబుతాం!

తప్పు యాప్‌దని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ మాట అనుకోబోతే ఆదివారాల వీడియో కాల్స్ గుర్తొచ్చాయి. "బాగానే ఉన్నానురా" అనేవారు నాన్నగారు. తెరమీద బాగానే కనిపించేవారు. చూశాను కదా అని పెట్టేసేవాణ్ణి. చివరి ఏడాది ఆయన ఎంత చిక్కిపోయారో ఆ అరచేతి తెరలో నాకు తెలియలేదు. చూసుకోవడం, పక్కన ఉండడం రెండూ ఒకటేననుకున్నాను.

దూరంగా బతకడం తప్పని నేననను. చిన్న ప్రతి అబద్ధమూ కాదు. అదీ లేకపోతే ఇవాళ మాకు ఏమీ మిగిలేది కాదు. దాన్నే అసలనుకుని, అసలు సంగతి పట్టించుకోకపోవడం తప్పు. ఆ తప్పు చెయ్యమని నాకు ఏ యంత్రమూ చెప్పలేదు.

చివరికి ఆ ఫోటో అయిదంగుళాలదే చేయించాం. అమ్మ దాన్ని గోడకి పెట్టలేదు, మంచం పక్కన పెట్టుకుంది. నేనిప్పుడు కార్డు రీడరు కొనుక్కున్నాను. అసలు ఫైళ్ళు రెండు చోట్ల తెరిచి చూసుకున్నాకే కార్డు చెరుపుతున్నాను.

మొన్న ఆదివారం అమ్మ కూడా ఫోన్లో "బాగానే ఉన్నాను నాన్నా" అంది. ఫోన్ పెట్టేసి టిక్కెట్టు కొన్నాను.