మట్టి ప్రమిద

గుడి నుంచి బయటికొచ్చేసరికి నా చెప్పులు లేవు. కొని పట్టుమని పది రోజులు కాలేదు.

"పోన్లేవే, శని వదిలింది" అన్నాడు మావయ్య. ఫిలాసఫీ లెక్చరరుగా రిటైరైన మనిషి. ఏం జరిగినా ఎవరో ఒక గ్రీకువాణ్ణి పట్టుకొస్తాడు.

"నీ స్టోయిక్కులు చెప్పేదీ ఇదేగా!"

"కానే కాదు. శని వదిలిందంటే పోవడం వల్ల నీకేదో లాభం వచ్చిందని. అది బేరం. స్టోయిక్ తత్వవేత్త ఎపిక్టెటస్ ఇంట్లో దేవుళ్ల దగ్గర ఇనప దీపం ఉండేది. ఓ రోజు కిటికీ దగ్గర చప్పుడైతే పరుగెత్తాడు. దీపం మాయం. సరే, రేపు మట్టిది కొనుక్కుందాం అనుకున్నాడు. మేలుకుని ఉండడంలో దొంగే నాకంటే ఘనుడని ఒప్పుకున్నాడు కూడా. కాకపోతే ఆ దీపం కోసం వాడు దొంగ కావలసి వచ్చింది. వాడు చెల్లించిన ధర అదీ."

కథ బాగానే ఉంది. కాళ్లే కాలుతున్నాయి.

"ఇవన్నీ ఉన్నవాళ్లు లేనివాళ్లకి చెప్పే నీతులు మావయ్యా. రెండేళ్లుగా నాకు జీతం పెంచలేదు. నీ స్టోయిక్కులన్నట్టు నా చేతుల్లో లేదని ఊరుకోనా?"

"ఆయన ఉన్నవాడేమీ కాదే. బానిసగా పుట్టాడు, కాలు అవిటి. విడుదలయ్యాక రోములో పాఠాలు చెప్పుకుంటుంటే డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తల్ని వెళ్లగొట్టాడు. గ్రీసులో నికోపొలిస్ చేరి బడి పెట్టాడు. తనేమీ రాయలేదు. అర్రియన్ అనే శిష్యుడు రాసిపెట్టబట్టి మనదాకా వచ్చింది. చక్రవర్తి బుద్ధి ఆయన చేతుల్లో లేదు, పాఠం చెప్పడం ఉంది. నువ్వూ అడుగు. ఇస్తారా ఇవ్వరా అన్నది వాళ్లిష్టం."

"ఒక్కదాన్నే అడిగితే ఇవ్వరు. పదిమందిమీ కలిసి అడిగితే ఇస్తారేమో. అప్పుడు నా చేతులు పెరిగినట్టేనా?"

"ఆయన లెక్కలో అసలు నీ చెయ్యే నీది కాదు. ఒళ్లు, సొమ్ము, పరువు, పదవి ఏవీ నీవి కావు. నీ అభిప్రాయం, నీ కోరిక, నీ అయిష్టం, ఇంతే."

"అంత చిన్న గిరి గీసుకుని లోపల రాజులా కూర్చోవడం బానిసకి తప్పదేమో. నాకేం ఖర్మ?"

మావయ్య కాసేపు మాట్లాడలేదు. ఆయన దగ్గర జవాబు లేకపోవడం నేను చూసింది తక్కువ. నాకూ పూర్తిగా గెలిచినట్టు లేదు. ఆఫీసులో ఆ పదిమందినీ కూడగట్టడానికి నేనింతవరకూ ఒక్క ఫోనూ చేయలేదు మరి.

"ఎపిక్టెటస్ పోయాక ఆ మట్టి ప్రమిదని ఎవడో 3000 ద్రాక్మాలు పోసి కొన్నాడట" అన్నాడు చివరికి. "దాని వెలుగులో చదివితే ఆయనంత జ్ఞానం వస్తుందని. లూషియన్ అనే వెటకారి రాశాడు."

"ఇప్పుడైతే యాప్ కొనుక్కునేవాడు."

నవ్వుతూ గేటు దాటాం. మావయ్య కొబ్బరికాయల కొట్టు పక్క నుంచి ఒక చెప్పు తొడుక్కుని, రెండోదాని కోసం అవతలి పూలబుట్టల వైపు కుంటుకుంటూ బయల్దేరాడు.

"ఇదేమిటి, ఒకటిక్కడా ఒకటక్కడా?"

"దొంగ నాకంటే ఎక్కువ మేలుకుని ఉంటాడు కదే!"