నేర్పుమని వేడుట



మన యిండ్లలో ప్రతిదినము ఇష్టలింగార్చన జరుగుచున్నది. విభూతి ధరించి, లింగమును ఎడమ అరచేత నిలుపుకొని, దృష్టిని దానియందే నిలిపి కూర్చుందుము. ఆ కూర్చున్న తీరును ఒక్కసారి తలచి చూడుడు. తల వంగియున్నది, చూపు క్రిందికి వాలియున్నది. పలక పట్టుకొని గురువు నెదుట కూర్చున్న బాలునికిని మనకును ఆ క్షణమున భేదము లేదు. కాని లోపల జరుగుచున్నదేమి? పిల్లవానికి ఉద్యోగము రావలెను, అమ్మాయి పెండ్లి కుదురవలెను, పొలము తగవు మనవైపు తేలవలెను అని మనమే పరమేశ్వరునికి పాఠము చెప్పుచుందుము. దేహము శిష్యుని వలె కూర్చుండగా మనస్సు ఉపాధ్యాయుని వలె నిలుచుండును. కోరికలు కోరరాదని నా అభిప్రాయము కాదు. తండ్రిని గాక మరి యెవరిని అడుగుదుము? అయినను, "స్వామీ, నాకు తెలియదు, నేర్పుము. నేర్చినదానిని ఆచరించు బలమిమ్ము" అను మాట ఆ కోరికల నడుమ ఎక్కడనైనను ఉన్నదా అనియే నా ప్రశ్న.

ముప్పది యేండ్లుగా పిల్లలకు చదువు చెప్పుచున్నవాడను. "అర్థమైనదా?" అని అడిగినంతనే అందరికంటె ముందు "ఆఁ" అని కేకవేయువాడు తరచుగా ఏమియు గ్రహింపనివాడే. లేచి నిలుచుండి "తెలియలేదు సార్" అనువాడు నేర్చుకొనును. నలుగురి నడుమ ఆ మాట చెప్పుటకు ధైర్యము కావలెను. వినయమును మెత్తదనమని అనుకొనువారు దీనిని గమనింపవలెను.

లింగాచారము, సదాచారము, శివాచారము, గణాచారము, భృత్యాచారము అని మనకు ఆచారములు ఐదు. భృత్యుడనగా సేవకుడు. శివభక్తులందరికంటె తాను చిన్నవాడనని ఎరిగి మెలగుటయే భృత్యాచారము. గణాచారమును గూర్చి సభలలో ఎంతో ఉత్సాహముగా మాట్లాడుదుము. భృత్యాచారము వచ్చుసరికి గొంతు తగ్గును!

12వ శతాబ్దిలో బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని భండారి. రాజ్యపు ధనమంతయు ఆయన చేతి మీదుగా నడచెడిది. ఆ కాలమున మోళిగ మారయ్య అను శరణుడు కట్టెలు కొట్టి అమ్మి, వచ్చినదానితో జంగమారాధన చేయుచుండెను. బసవన్న ఒకనాడు ఆయన లేని సమయమున ఆ యింటికి పోయి, ఆరగించి, రహస్యముగా ధనమును అచట ఉంచి వచ్చెను. మారయ్య దానిని తనదిగా తలపలేదు. జంగమ పాదోదకమును చల్లగా కట్టెలు బంగారమయ్యెననియు, ఆ బంగారముతో పాటు బసవన్న ధనమును గూడ జంగమములకే పంచిపెట్టెననియు పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పినాడు. అది తెలిసి బసవన్న మరల ఆ యింటికి పోయి మన్నింపు వేడెను.

ఈ కథ చెప్పునప్పుడు మనము కట్టెలు బంగారమగుట దగ్గర ఆగి చేతులు జోడింతుము. నాకు మాత్రము బసవన్న రెండవ రాకయే గొప్ప మహిమగా తోచును. మొదట దాతగా వచ్చినవాడు పిదప శిష్యుడుగా వచ్చినాడు. చేసినది దానమే గదా, తప్పేమి అని ఆయన వాదింపలేదు. సత్కార్యములోని అహంకారమును ఒక కట్టెలమ్ముకొనువాడు ఎత్తి చూపగా, భండారి తల వంచెను.

ఇంతవరకు చెప్పినది పుస్తకములోనిది. ఇక చెప్పవలసినది నా సంగతి.

2018వ సంవత్సరము వైశాఖ శుద్ధ తదియ నాడు, బసవజయంతి సభలో నేను భృత్యాచారమును గూర్చియే ఉపన్యసించితిని. మడివాలు మాచయ్య చాకలివృత్తివాడైనను బసవన్న ఆయనకు మ్రొక్కెనని కూడ చెప్పితిని. చప్పట్లు బాగుగనే మ్రోగినవి. సభ ముగిసి ప్రసాదమునకు విస్తళ్ళు వేసిరి. తెల్లవారుజాము నుండి పందిరి వేసి, నేల ఊడ్చి, నీళ్ళు మోసిన పెద్దమనిషి ఒకడు వచ్చి మొదటి పంక్తి చివర కూర్చుండబోయెను. ఆయన లింగధారి కాడు. వడ్డనపు బాధ్యత నాది. "నీవు తరువాత కూర్చుందువులే" అంటిని. ఆయన మారుమాటాడక లేచి పందిరి గుంజ దగ్గర నిలిచెను.

నా ప్రక్క నీళ్ళ చెంబుతో నిలిచియున్న ఏడవ తరగతి బాలుడు నా ముఖము చూచి అడిగెను: "సార్, మరి మాచయ్యది ఏ బంతి సార్?"

వాడు ఎత్తిపొడుపుగా అడుగలేదు. తెలియక అడిగినాడు. నేను "పని చూసుకో" అని కసరితిని.

ఆ రాత్రి లింగమును అరచేత నిలుపుకొని కూర్చుంటిని గాని మంత్రము సాగలేదు. ఎన్నో యేండ్లుగా "నాకు బుద్ధి గరపుము తండ్రీ" అని వేడుచునే యుంటిని. గరపినాడు. బాలుని నోట పలికించినాడు. విన్నంతనే కసరినది నేనే. నేర్పుమని అడుగుట, నేర్పువాని రూపమును గూడ మనమే నిర్ణయించుట, ఈ రెండును ఒక్కచోట పొసగవని నాకు అప్పుడు తెలిసినది.

మరునాడు ఉదయమున ఆ పెద్దమనిషి ఇంటికి పోతిని. "రాండ్రి సారూ" అని ఆయన నులకమంచము వాల్చెను. నేను గడప ప్రక్క నేలమీదనే కూర్చుంటిని. క్షమాపణ మాటలు దారిలో కూర్చుకొని వచ్చితిని గాని, పండిత శిక్షణ పొందిన నోట ఒక్కటియు రాలేదు. దప్పికగా నున్నదని చెప్పి మంచినీళ్ళు అడిగితిని. ఇది మన పెద్దలలో కొందరికి రుచింపకపోవచ్చును. ఆయన ఒక్క క్షణము నన్ను చూచి, లోపలికి పోయి, కడిగిన చెంబునే మరల కడిగి నీళ్ళు తెచ్చెను. త్రాగితిని. "ఆ పిల్లగాడు మీ బడిలనేనా సారూ?" అని ఆయన అడిగెను. "అవునయ్యా" అంటిని.