ఎఱుక చెప్పుట - ఎఱుక గలుగుట

తెలుగునాట "ఎఱుక" అను మాట రెండు తావుల వినబడుచుండును. చేటలో గింజలు పోసి, చేత కఱ్ఱ పట్టి, "ఎఱుక చెప్పెదనమ్మా" యని వీధి వెంట పిలుచు సోదెమ్మ నోట నది యొకటి. శిష్యుని కరస్థలమున ఇష్టలింగము నుంచి, నిన్ను నీవు తెలిసికొనుమని గురువు బోధించు దీక్షాసమయమున నది రెండవది. కన్నడ శరణులు "అరివు" అని పేర్కొని, గురువుతో సమానముగ నెంచినది ఈ రెండవ ఎఱుకయే. మొదటిది పరుల మనసులోని దానిని చెప్పుదు ననును. రెండవది తన మనసును తనకు చూపును. ఈ రెంటి భేదమును మఱచినచో భక్తుడు తన లింగమును చేత నుంచుకొనియే పరుల వాకిట నిలిచి తన భవిష్యత్తును యాచించును.

వరంగల్లు నగరమందలి కాశిబుగ్గ పేరులో "బుగ్గ" కలదు. బుగ్గ యనగా నేలలోనుండి తనంత తానుబుకు నీటి ఊట. ఆ ప్రాంతమునకు చేరువనే ఎనుమాముల మార్కెట్టు కలదు. మిరప, పత్తి అమ్ముకొన నానా గ్రామముల రైతులు అచటికి వత్తురు. 1934లో స్థాపితమై, ఈ శతాబ్దపు తొలినాళ్ళలో మూతపడిన ఆజంజాహి మిల్లు కార్మికుల కుటుంబములును ఈ నగరముననే కలవు. ధర నిలుచునో పడునో తెలియని రైతు, పని పోయిన కార్మికుడు, కూతురి పెండ్లి కుదరని తల్లి, బిడ్డ జ్వరము తగ్గని తండ్రి - వీరందఱి మనసులలోను ఒకే ప్రశ్న యుండును: రేపు ఏమగును? ఇట్టి ప్రశ్న యున్న చోటికి చిలుక జోస్యము, గవ్వలు, హస్తసాముద్రికము, నేడు టెలివిజనులోను సెల్‌ఫోనులోను పలుకు జోస్యము చేరుట వింత కాదు. అడుగువాని దుఃఖము నిజమైనది. కనుకనే ఉత్తరము చెప్పువాని బాధ్యత పెద్దది.

పరుల మనసు చెప్పు విద్య నడచు తీరు తెలిసినవారికి అందు దైవరహస్య మేమియు లేదు. వచ్చినవాని చేతి కాయలు వాని పనిని చెప్పును. నుదురు, మెడ, కట్టుబట్ట ఇంటిస్థితిని చెప్పును. చెప్పువాడు మొదట అందఱికి సరిపోవు మాట నొకటి వదలును: "నీవు పరులకు మేలు చేసితివి, నీకు మేలు జరుగలేదు" అనును. వినువాని కనుబొమ కదలినచో ఆ దారినే సాగును. కదలనిచో మాట మార్చును. తగిలిన మాట వినువాని గుండెలో నిలుచును. తప్పిన మాటలు ఇల్లు చేరులోపలనే మఱపునకు వచ్చును. కొందఱు ముందుగనే ఇరుగుపొరుగుల నడిగియో, ఫేసుబుక్కులోని ఫొటోలు చూచియో వివరములు సేకరించి, అప్పుడే స్ఫురించినట్లు పలుకుదురు.

అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అను మనస్తత్త్వశాస్త్రాచార్యుడు 1948లో తన విద్యార్థులు 39 మందికి ఒక పరీక్ష పెట్టి, వారి వారి స్వభావములను వివరించు ఫలితమని ఒక్కొక్కరికి ఒక్కొక్క కాగితము నిచ్చెను. అది తమకెంత సరిపోయినదో ఐదు మార్కులకు వేయుడనగా వారు సగటున నాలుగింటికి పైగా వేసిరి. పిమ్మట చూడగా అందఱి కాగితములలోను ఉన్నది ఒకే వ్రాత. మన దేశమున ఖగోళశాస్త్రజ్ఞుడు జయంత్ నార్లీకర్ 2008లో మహారాష్ట్ర జ్యోతిష్కులను పరీక్షించెను. ఆ పనిలో ఆయనకు సహకరించినవారిలో నరేంద్ర దాభోల్కర్ ఒకరు. ప్రతిభగల పిల్లలవి, బుద్ధిమాంద్యము గల పిల్లలవి జాతకములు కలిపి ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పుడనిరి. ఉత్తరములు పంపిన 27 మంది జ్యోతిష్కులు చెప్పినవానిలో సరియైనవి 46 శాతము. నాణెము నెగురవేసి చెప్పినను సగము సరిపోయెడివి. ఆ దాభోల్కర్ 2013 ఆగస్టు 20న పుణెలో హత్యకు గురియయ్యెను.

ఇట్లు పరీక్షించువారు తెలుగునాటను కలరు. గోరా 1940లో నాస్తిక కేంద్రమును నెలకొల్పెను. పిదప విజయవాడ దానికి స్థిరస్థాన మయ్యెను. కర్ణాటకమున 1976లో బెంగుళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి హెచ్. నరసింహయ్య మహిమల విచారణకు ఒక సంఘము నేర్పరచెను. భక్తుడు వీరి ప్రశ్నలకు జంకవలెనా? జంకనక్కఱలేదు. కల్యాణమందలి అనుభవ మంటపము ప్రశ్నల సభయే గదా! అల్లమప్రభువు అక్కమహాదేవిని ప్రశ్నింపక విడువలేదు. సొన్నలిగె సిద్ధరాముని ప్రశ్నింపక విడువలేదు. శివుని స్మరించు వేళకు తిథివార నక్షత్రముల సందేహము వలదని బసవేశ్వరుడు బోధించెను. సత్యమునకు పరీక్ష వలన హాని లేదు. హాని కలుగునది అసత్యమునకే.

అయినను విద్యను నిందించుట వేరు, మోసమును నిందించుట వేరు. తెలుగువారెఱిగిన ఇంద్రజాలికుడు, మనస్తత్త్వ నిపుణుడు బి.వి. పట్టాభిరామ్ 1984లో కన్నులకు గంతలు కట్టుకొని హైదరాబాదు వీధులలో స్కూటరు నడిపెను. చూచినవా రచ్చెరువొందిరి. కాని ఆయన తనకు దివ్యదృష్టి గలదనలేదు. ఇంద్రజాలము కళ యనియు, హిప్నాటిజము మనస్తత్త్వమునకు సంబంధించినదే యనియు చెప్పుచు వచ్చెను. 2025లో దివంగతుడగువరకు ఎందఱికో ధైర్యము చెప్పెను. కళను కళ యని చెప్పి ప్రదర్శించి కూలి పుచ్చుకొన్నచో అది కాయకము. అదే విద్యను శివుని పేర, అమ్మవారి పేర అమ్మినచో అది చౌర్యము. చేతి నేర్పు రెండు చోట్ల నొకటియే. చెప్పిన పేరు వేరు.

ఇచట కొందఱు భక్తులకు సందేహము కలుగును. వరంగల్లు సీమకే చెందిన పాలకుర్తి పేరు మోసిన పాల్కురికి సోమనాథుని బసవపురాణము మహిమలతో నిండియున్నది గదా, మహిమలను నమ్మువారు ఈ మహిమలను కాదనుట యెట్లు? ఆ గాథల నెమ్మదిగ చదివినచో ఉత్తరము దొరకును. అందలి భక్తుల గొప్పతనము వింత చూపుటలో లేదు, నిష్ఠలో నున్నది. చామరసు ప్రభులింగలీలలోని గోరక్షుని కథ దీనికి తార్కాణము. గోరక్షుడు తన దేహమును వజ్రకాయముగ సాధించుకొని గర్వించెను. ఖడ్గముతో కొట్టినచో ఖణిల్లుమని మ్రోగినది గాని దేహము తెగలేదు. తరువాత అల్లముని పైకి కత్తి నెత్తగా అది ఆకాశములో నాడినట్లు అడ్డు లేక సాగిపోయెను. తగులుటకు అచట "నేను" అనునది లేదు. సిద్ధిని పట్టుకొన్నవాడు ఆ సిద్ధికే బద్ధుడని గోరక్షుడు తెలిసికొనెను. ఈ కథలోని మహిమ గర్వమును దించినది. ఎవని మూటను విప్పించుకొనలేదు.

దుఃఖితులతో ఎట్లు మాటలాడవలెనో శూన్యసంపాదనమందలి ముక్తాయక్క వృత్తాంతము నేర్పును. ఆమెకు సోదరుడు, గురువు ఒక్కడే - అజగణ్ణ. అతడు తన భక్తిని లోకమునకు ప్రకటింపక గుప్తముగ నుంచుకొన్నవాడు. అతడు లింగైక్యము చెందగా ముక్తాయక్క శోకమున మునిగియుండెను. అప్పుడు అల్లమప్రభువు వచ్చెను. నేటి సోదెగాడైనచో "నీ అన్న నాతో పలుకుచున్నాడు, నీకొక మాట చెప్పుమన్నాడు" అనెడివాడు. ఆమె వినెడిదే, అడిగినది ఇచ్చెడిదే. ప్రభువు అట్లు పలుకలేదు. ఆమె ప్రశ్నకు ప్రశ్న, వాదమునకు వాదము ఎదురుంచి, ఆమె శోకములోనున్న ఎఱుకను ఆమెచేతనే బయటికి తీయించెను. తొలుత ఆమె ఆయనతో వాదించెను, ఆయన కోపింపలేదు. చివరకు ఆమె తన కాళ్ళపై తాను నిలిచెను. మనసు చెప్పుటకును మనసు నిలుపుటకును గల అంతర మిదియే.

కావున ఇట్టి విద్యను తూచుటకు మూడు ప్రశ్నలు చాలును. ఏ పేర అమ్ముచున్నాడు? ఏమి పుచ్చుకొనుచున్నాడు? విన్నవానిని ఏ స్థితిలో విడుచుచున్నాడు? మూడవ ప్రశ్న మిక్కిలి ముఖ్యము. "ఎవరో చేసినారు" అను ఒక్క మాట వలన పొరుగింటి ముసలిదానిపై అనుమానము పుట్టును. చేతబడి, బాణామతి యను శంకతో మనుషులను కొట్టి చంపిన దారుణములు తెలంగాణ పల్లెలలో జరిగినవి. "గ్రహము కదలు వరకు వేచియుండుము" అను మాట వలన రోగి వైద్యుని చేరవలసిన దినములు గడచిపోవును. చెప్పినవాడు పైకము మూటగట్టుకొని మఱియొక ఊరికి పోవును. మాట మాత్రము ఆ ఇంటిలో మిగిలియుండును.

అయితే శంకించువారికిని ఒక ధర్మము కలదు. చేట పట్టిన ఎఱుకల స్త్రీని నలుగురిలో నవ్వులపాలు చేసి, శీతల మందిరమున కూర్చుండి వేలకు వేలు పుచ్చుకొను జోస్యునికి నమస్కరించుట న్యాయము గాదు. ఎఱుకలవారిని బ్రిటిషు ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టము క్రింద చేర్చి బాధించెను; ఆ చట్టము 1952లో రద్దయ్యెను. బుట్టలల్లుట వారి కులవృత్తులలో నొకటి. బుట్టలల్లిన మేదర కేతయ్యను శరణుడని కొలుచు సమాజము ఆ స్త్రీని తల్లీ యని పిలిచి, ఆమె బుట్టను కొని, సోదెను మాత్రము వలదని మర్యాదగ చెప్పవచ్చును.

మఠములకును జంగములకును ఇందు విశేషమైన బాధ్యత కలదు. ముహూర్తము, జాతకము, పోయిన వస్తువు, రానున్న గండము - అన్నియు భక్తులు అయ్యగారినే అడుగుదురు. తెలిసినది చెప్పుట ధర్మము. తెలియనిది "నేనెఱుగను" అని చెప్పుట అంతకు మించిన ధర్మము. ఆ మాట వలన ఆ దినపు కానుక తగ్గవచ్చును, గురుస్థానము తగ్గదు. జ్వరమునకు ఆసుపత్రికి పంపి, తోడుగ నొకరిని వెంట నంపుట, అప్పులలో నున్నవానికి లెక్క చూచిపెట్టుట, శోకించువాని చెంత మౌనముగ కూర్చుండుట - ఇవియే జంగముని సోదె. గృహస్థులు నిత్యము ఇష్టలింగమును చేతబూని కనులు మూసి కూర్చుండు ఆ కొంతసేపు రేపటి సంగతి నడుగక, నేటి తమ మనసును చూచుకొనవలెను. భయమెచట నుండి పుట్టుచున్నదో అచటనే ధైర్యపు బుగ్గయు ఉబుకును. దానిని త్రవ్వుకొనుటకు పరుల చేయి అక్కఱలేదు, పైకమును అక్కఱలేదు.

శరణు శరణార్థి.