నిలువుటంగీయు బండ్లును

ధ్యానభాగము: ఆదికాండము 37:31–35, 45:23–28



యాకోబు తన జీవితకాలములో రెండుమారులు నిదర్శనముల యెదుట నిలిచెను. మొదటిమారు అతని కుమారులు మేకపిల్ల రక్తములో ముంచిన నిలువుటంగీని తెచ్చి గుర్తుపట్టుమనిరి. అంగీ నిజముగా యోసేపుదే. రక్తమును నిజమైన రక్తమే. ఆ రెంటిని కలిపి చెప్పిన కథ మాత్రము అబద్ధము. యాకోబు దానిని నమ్మెను. ఎవరు ఓదార్చినను ఓదార్పు పొందక, దుఃఖముతోనే సమాధికి పోవలెనని నిశ్చయించుకొనెను. సుమారు 22 సంవత్సరములు గడచిన తరువాత ఆ కుమారులే ఐగుప్తునుండి వచ్చి, యోసేపు బ్రదికియున్నాడని చెప్పిరి. ఈమారు మాట సత్యము. అయినను యాకోబు నమ్మలేకపోయెను. అబద్ధమును నమ్మిన హృదయమే సత్యము వచ్చినప్పుడు మొద్దుబారిపోయెను. తుదకు యోసేపు పంపిన బండ్లను కన్నులార చూచిన తరువాతనే ఆ వృద్ధుని ప్రాణము తెప్పరిల్లెను.

ఈ అంగీని, ఈ బండ్లను మనస్సునందుంచుకొని, మన విశాఖపట్టణమునకు సంబంధించిన యొక సంగతిని ఈ నెల ధ్యానించుదము.

సముద్రగర్భమున దొరకినది

2016 జూలై 22వ తేది ఉదయమున చెన్నై దగ్గరి తాంబరము వైమానిక స్థావరమునుండి ఏ.ఎన్.-32 అను వాయుసేన విమానము 29 మందితో అండమాను దీవులలోని పోర్టుబ్లెయిరుకు, అనగా నేటి శ్రీ విజయపురమునకు, బయలుదేరెను. బంగాళాఖాతము మీద అది కనబడకుండ పోయెను. ఆ 29 మందిలో 8 మంది మన విశాఖలోని నౌకాదళ ఆయుధాగారమున పనిచేయు పౌర ఉద్యోగులు. తగరపువలసనుండి గాజువాక వైపు బస్సులో పోవువారందరును ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు కూడలిని ఎరుగుదురు. ఆ పేరునకు మూలమైన సంస్థ అదే. ఆనాడు ఉదయము పనిమీద పోయిన ఆ ఎనమండుగురు సాయంకాలమునకు ఏ వర్తమానమును పంపలేదు.

ఓడలును విమానములును అనేక దినములు వెదకెను. ఏమియు దొరకలేదు. ఆ 2016వ సంవత్సరమందే అప్పటి రక్షణమంత్రి మనోహర్ పర్రికర్ గారు, ఇది విద్రోహచర్య యగుటకు అవకాశము మిక్కిలి తక్కువయని రాజ్యసభలో చెప్పిరి. సెప్టెంబరులో విమానములోని వారందరు మరణించినట్లు భావించవలెనని వాయుసేన కుటుంబములకు తెలిపెను. అయితే భావించుట వేరు, చూచుట వేరు. శవము లేదు, సమాధి లేదు, చెక్క ముక్కయైనను లేదు. కనబడకపోయిన వారిలో నొకరి ఫోను మ్రోగినదని బంధువులు చెప్పిన మాట అప్పటి పత్రికలలో వచ్చెను. అట్టి మాట విన్న తల్లి ఆ రాత్రి నిద్రపోగలదా? తలుపు గడియ వేయగలదా?

ఏడున్నర సంవత్సరములు గడచెను. 2024 జనవరి 12వ తేదిని రక్షణశాఖ యొక ప్రకటన చేసెను. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు సముద్రములోనికి పంపిన మనుష్యులు లేని యంత్రము, ధ్వనితరంగములతోను ఛాయాచిత్రములతోను అడుగుభాగమును వెదకి, చెన్నై తీరమునకు సుమారు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున, కూలిన విమానపు శకలములను కనుగొన్నది. ఆ చిత్రములు ఏ.ఎన్.-32 విమానముతో సరిపోవుచున్నవనియు, ఆ చోట మరి యే విమానమును తప్పిపోయిన దాఖలా లేదనియు ఆ ప్రకటన తెలిపెను.

మూడు విధముల మనుష్యులు

ఇట్టి నిదర్శనము బయటపడినప్పుడెల్ల లోకములో నొక వాదము పుట్టును. ఇంతకాలము కుట్ర కుట్రయని పలికినవారు ఇప్పుడు సిగ్గుపడవలెనని ఒకరందురు. సముద్రము అడుగున ఇనుపముక్కల బొమ్మలు చూపినంత మాత్రమున సరిపోవునా, ఏల కూలినదో చెప్పితిరా యని మరియొకరందురు. ఇది మన దేశమునకే చెందినది కాదు. 2014 మార్చి 8వ తేదిని 239 మందితో కనబడకుండ పోయిన మలేషియా విమానపు రెక్క భాగము 2015 జూలైలో రీయూనియన్ దీవి ఒడ్డుకు కొట్టుకొని వచ్చినప్పుడు, దానిని ఎవరో తెచ్చి అక్కడ పడవేసిరని చెప్పినవారును ఉండిరి.

ఈ వాదములో సంఘము ఏ పక్షమున నిలువవలెను? తొందరపడి జవాబు చెప్పకమునుపు మనము గమనింపవలసిన సంగతి యొకటి కలదు. లోకము మూడు విధముల మనుష్యులను ఒకే పేరుతో పిలుచుచున్నది.

మొదటివాడు దుఃఖములో ఉన్నవాడు. అతడు నమ్మనిది తర్కము వలన కాదు, ప్రేమ వలన. మన భీమిలి తీరమున వేటకు పోయి తిరిగిరానివారి ఇండ్లలో ఇట్టివారిని మనము చూచుచున్నాము. భర్త చొక్కాలను పెట్టెలో మడిచి ఉంచు స్త్రీకి, ఆమె భ్రమలో ఉన్నదని చెప్పుటకు మనమెవరము? యాకోబు సత్యమును నమ్మలేకపోయినప్పుడు దేవుడు అతనిని గద్దింపలేదు. ఆ రాత్రివేళ బెయేర్షెబాలో అతనితో మాటలాడి, భయపడవద్దని ధైర్యపరచెను.

రెండవవాడు సత్యమును అడుగువాడు. గాయములను చూడక నమ్మనన్న తోమాను ప్రభువు వెళ్లగొట్టలేదు, చేతులు చూపెను. అపొస్తలుడైన పౌలు చెప్పినదానిని సహితము లేఖనములతో సరిచూచుకొనిన బెరయవారిని వాక్యము ఘనులని మెచ్చుకొనుచున్నది. 2020 మే 7వ తేది తెల్లవారుజామున మన నగరపు ఆర్.ఆర్. వెంకటాపురములో స్టైరీను ఆవిరి వ్యాపించి 12 మంది మరణించిరి. అప్పుడు ప్రజలు ప్రశ్నింపకయుండిన యెడల ఏమగును? ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి విచారణ సంఘము ఆ సంవత్సరము జూలైలో నివేదికనిచ్చి, తొట్టిలో వేడిమిని సరిగా కనిపెట్టకపోవుట, ఆ ద్రవము గడ్డకట్టి వేడెక్కకుండ కలుపవలసిన మందు చాలినంత లేకపోవుట మొదలగు లోపములను బయటపెట్టెను. అడిగినవారు న్యాయముగానే అడిగిరి. అట్టివారిని కుట్రలు కల్పించువారని నోరు మూయించుట పాపము.

మూడవవాడు వదంతి వర్తకుడు. ఇతనికి చనిపోయినవారితో సంబంధము లేదు. బ్రదికియున్నవారి కన్నీటితోను సంబంధము లేదు. కొత్త నిదర్శనము వచ్చినప్పుడు తన కథను మార్చుకొనడు. నిదర్శనమునే తన కథకు తగినట్లు మార్చును. సమాధియొద్ద కావలివారు ద్రవ్యము పుచ్చుకొని, శిష్యులు దేహమును ఎత్తుకొనిపోయిరని చెప్పిన సంగతి మత్తయి 28వ అధ్యాయములో కలదు. నిద్రించుచుండగా జరిగినదానిని చూచినట్లు చెప్పుట ఎంత వింత! అయినను ఆ మాట వ్యాపించెను. నేడు అట్టి మాట వ్యాపించుటకు ద్రవ్యము కూడ అక్కరలేదు. చేతిలోని ఫోనుమీద వ్రేలు కదలించిన చాలును.

ఆ మూడవవానిని మందలించునప్పుడు మొదటివానిని గాయపరచకుండ, రెండవవాని నోరు మూయకుండ చూచుకొనుటయే వివేకము. యెషయా 8వ అధ్యాయములో దేవుడు ప్రవక్తకు చెప్పిన హెచ్చరిక మనకును తగినది. జనులు బందుకట్టు అన్నదానినంతటిని బందుకట్టు అని తలంచవద్దనియు, వారి భయమును చూచి భయపడవద్దనియు, సైన్యములకధిపతికే భయపడవలెననియు ఆయన సెలవిచ్చెను. బందుకట్టులు లోకములో లేవని దేవుడు చెప్పలేదు. యోసేపు అన్నలు చేసినది నిజమైన బందుకట్టే గదా! అయితే ప్రతి నీడకును భయపడువాడు దేవునికి భయపడుట మరచిపోవును.

తెలిసినది, తెలియనిది

నిదర్శనము సహితము తన హద్దును దాటి మాటలాడదు. మన సముద్రమే దీనికి సాక్షి. 1971 డిసెంబరు 3వ తేది అర్ధరాత్రి ప్రాంతమున ఘాజీ అను పాకిస్తాను జలాంతర్గామి విశాఖ రేవు ముంగిట మునిగిపోయెను. నీటిపై తేలిన వస్తువులను మన తీరపు జాలరులే మొదట తెచ్చి చూపిరి. శకలములు ఎక్కడ ఉన్నవో నాటినుండియే తెలియును. 2024 ఫిబ్రవరిలో నౌకాదళపు రక్షణ జలనౌక వాటిని గుర్తించినట్లు మరల వార్తలు వచ్చెను. అయినను రాజ్‌పుత్ ఓడ వేసిన బాంబులచేత అది మునిగినదని మన నౌకాదళమువారును, ప్రమాదవశమున ప్రేలినదని పాకిస్తానువారును నేటికిని చెప్పుచున్నారు. మన దేశపు విశ్రాంత సేనానులలోను లోపలి ప్రేలుడే కారణమని వ్రాసినవారున్నారు. శకలము ఎక్కడ అను ప్రశ్నకు జవాబు చెప్పెను; ఎట్లు అను ప్రశ్నకు అందరును ఒప్పుకొను జవాబు చెప్పలేదు. ఏ.ఎన్.-32 విషయమును అంతే. విమానము ఎక్కడ పడినదో తెలిసెను. ఏల పడినదో ఆ చిత్రములు చెప్పలేదు.

ఈ మిగిలిన ఖాళీ స్థలములోనే వదంతి గూడు కట్టుకొనును. దానిని దేనితో నింపవలెను? ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయములో ధర్మశాస్త్రము దీనికి మార్గము చూపినది. పొలములో ఎవడో చంపబడి పడియుండి, చంపినవాడెవడో తెలియని యెడల, పెద్దలు వచ్చి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. సమీపమైన ఊరి పెద్దలు బలి అర్పించి, చేతులు కడుగుకొని, ఈ రక్తము తాము చిందింపలేదని దేవుని యెదుట ఒప్పుకొని, ప్రజల నిమిత్తము ప్రాయశ్చిత్తము వేడుకొనవలెను. చూచితిరా? ఎవనిమీదనో అనుమానము మోపి ఖాళీని నింపుమని దేవుడు చెప్పలేదు. తెలియదు గనుక విడిచిపెట్టుమనియు చెప్పలేదు. కొలువుడి, దగ్గరకు రండి, బాధ్యత వహించుడి, ప్రార్థింపుడి అని చెప్పెను. చనిపోయినవానికి ఎవరు సమీపస్థులో వారే మొదట కదలవలెను. ఆ ఎనమండుగురికి సమీపమైన ఊరు విశాఖపట్టణము. ఆ కొలత ప్రకారము మనము దూరస్థులము కాము.

బండ్లను పంపుదము

ఇప్పుడు యాకోబు బండ్లయొద్దకు తిరిగి వత్తము. యోసేపు బ్రదికియున్నాడన్న మాట ఒక్కటియే అతనికి చాలలేదు. ఆ మాటతోకూడ ప్రయాణమునకు బండ్లు వచ్చెను. ధాన్యమును ఆహారమును మోసిన గాడిదలు వచ్చెను. సత్యము రొట్టెతో కలిసి వచ్చెను. అప్పుడే అతడు నమ్మగలిగెను. అంగీకిని బండ్లకును గల భేదమిదియే. అన్నలు అంగీని పంపి తాము దూరముగా నిలిచిరి. యోసేపు బండ్లను పంపి తండ్రిని తనయొద్దకు పిలిచికొనెను.

3,400 మీటర్ల లోతునుండి వచ్చిన చిత్రము సత్యమును చెప్పును గాని కన్నీరు తుడువదు. సత్యమునకు బండ్లు కట్టవలసినది సంఘమే. కాబట్టి ప్రియులారా, ఈ కార్యములను చేయుదము. విపత్తును గూర్చిన వార్త ఏదైనను మన చేతికి వచ్చినప్పుడు, ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీద స్థిరపరచవలెనన్న ధర్మమును జ్ఞాపకము చేసికొని, సరిచూడనిదే ఇతరులకు పంపకుందము. అధికారులను ప్రశ్నింపవలసినప్పుడు భయపడక, దూషింపక, ప్రశ్నింతము. సముద్రమునకు పోయి రానివారి ఇండ్లకు, వారు ఏ మతస్థులైనను, నడచి వెళ్లుదము. అక్కడ వాదింపక కూర్చుందము. పింఛను కాగితము వ్రాయవలసియున్న వ్రాసి పెట్టుదము; బిడ్డ చదువు ఆగిపోవుచున్న ఆదుకొందము. నమ్ముటకు వారికి ఎన్ని సంవత్సరములు పట్టినను, అన్ని సంవత్సరములును రాకపోకలు మానకుందము.

మన గోస్తనీనది ఊరిప్రక్కగా ప్రవహించి భీమిలియొద్ద సముద్రమున కలిసిన తరువాత, ఏ నీరు ఎక్కడికి పోయెనో మనము చెప్పలేము. దేవుడు ఎరుగును. సముద్రపు కడపటి దిక్కున నివసించినను ఆయన హస్తము పట్టుకొనునని 139వ కీర్తన సాక్ష్యమిచ్చుచున్నది. సముద్రము తనలోని మృతులను అప్పగించు దినము కలదని ప్రకటన గ్రంథము 20వ అధ్యాయము చెప్పుచున్నది. ఆ దినమున ఎక్కడ అను ప్రశ్నకే గాక, ఏల అను ప్రశ్నకును జవాబు దొరకును. అంతవరకు అబద్ధముతో తొందరపడక, ప్రేమతో కనిపెట్టుట మన విధి.

ప్రార్థన: అగాధ జలముల ప్రభువా, సముద్రములో తమవారిని పోగొట్టుకొనిన కుటుంబములను జ్ఞాపకము చేసికొనుము. మా నోటికి కావలియుంచుము. సత్యమును వెదకువారికి ధైర్యమును, దుఃఖించువారికి తోడును, మాకు నడచి వెళ్లు పాదములను దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.