గులాబీ రంగుకు ఎంత వెల?



గత నెలలో ఇంటి సామానుల కొరకు నేనును, కాలేజీలో చదువుచున్న నా మనుమరాలును ఊరిలోని ఒక పెద్ద అంగడికి వెళ్ళినాము. నేను గడ్డము గీసుకొనుటకు నీలి రంగు రేజరు ఒకటి తీసుకున్నాను. తనకు కూడా కావలెనని ఆమె వేరొక వరుసలో నుండి గులాబీ రంగుది తెచ్చుకున్నది. (మా కాలములో ఆడపిల్ల తాత ఎదుట రేజరు కొనుట ఊహకు కూడా అందని సంగతి. అది వేరే కథ.) రెండును ఒకే కంపెనీవి, రెండింటికిని రెండేసి బ్లేడులే. ఇంటికి వచ్చి బిల్లు చూస్తే గులాబీ రంగుదానికి పద్దెనిమిది రూపాయలు ఎక్కువ పడినది. "తాతయ్యా, రంగుకు కూడా డబ్బులు తీసుకుంటారా?" అన్నది. నవ్వి ఊరుకున్నాను గాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

ఇది మా ఊరి అంగడిలో మాత్రమే ఉన్న సంగతి కాదు. 2015లో అమెరికాలోని న్యూయార్కు నగర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు దాదాపు 800 వస్తువులను ప్రక్కప్రక్కన పెట్టి ధరలు సరిచూచినారు. ఆడవారికని అమ్మే వస్తువు సగటున నూటికి 7 వంతులు ఎక్కువ ధర పలికినది. షాంపూలు, రేజర్లు వంటి ఒంటి శుభ్రతకు వాడేవాటిలో ఆ తేడా 13 వంతులు. చిన్నపిల్లలు తొక్కుకొనే ఎర్ర రంగు స్కూటరు 25 డాలర్లు అయితే, అదే స్కూటరు గులాబీ రంగులో 50 డాలర్లు! దీనిని అక్కడివారు గులాబీ పన్ను అంటారు. నిజానికి అది పన్ను కాదు, అందులో ఒక్క పైసా ప్రభుత్వానికి చేరదు. కాలిఫోర్నియా రాష్ట్రములో 2023 జనవరి 1 నుండి ఇటువంటి ధరల తేడాను చట్టము నిషేధించినది. నిజమైన పన్ను కావలెనంటే మన దేశములోనే ఉండినది: నెలసరి ప్యాడ్ల మీద 12 శాతము జి.ఎస్.టి. ఎంతో అలజడి జరిగిన తరువాత 2018 జూలైలో దానిని ఎత్తివేసినారు.

ఇక ఇది తప్పా, ఒప్పా అని యోచించుదము. వ్యాపారి పక్షమున ఒక న్యాయమైన మాట ఉన్నది. "నేను ఎవరి మెడ మీద కత్తి పెట్టలేదు. వెల చీటీ అంటించే ఉన్నది. ఇష్టమైతే కొనండి, లేకుంటే నీలి రంగుది తీసుకోండి" అంటాడు. బండి దగ్గర ఇడ్లీకి ఒక వెల, ఏ.సి. గదిలో అదే ఇడ్లీకి ఒక వెల. దానిని మనము దొంగతనము అనము. ఈ వాదనను సగము దూరము ఒప్పుకుంటాను. అయితే ఏ.సి. గదిలో కూర్చున్నవానికి తాను దేనికి ఎక్కువ ఇచ్చుచున్నాడో తెలుసును. నా మనుమరాలికి తెలియదు. రెండు రేజర్లు రెండు వరుసలలో ఉన్నవి. ఇది నీది, అది నీది కాదు అని ఆ అర ఆమెకు చెప్పినది, ఆమె నమ్మినది. పోల్చి చూచే అవకాశము లేకుండ చేసి, తరువాత "నీవే ఇష్టపడి కొన్నావు" అనుట న్యాయముగా తోచదు.

అయినను పద్దెనిమిది రూపాయలు పోతే పోయినవి. పెద్ద తప్పు ధరలో లేదు. ఈ రేజరు చరిత్రనే చూడండి. జిల్లెట్ కంపెనీ 1915లో స్త్రీల కొరకు 'మైలేడీ డెకొలెటే' అను రేజరును తెచ్చినది. అంతకు ముందు అమెరికా దేశపు సామాన్య స్త్రీలకు చంకలు గీసుకొనే అలవాటు లేదు. మగవారికి రేజర్లు అమ్ముతూనే ఉన్నారు. మిగిలిన సగము జనాభాకు కూడా అమ్మవలెనంటే, దేవుడిచ్చిన వెంట్రుకలు చూచి సిగ్గుపడుట ముందు నేర్పవలెను. చేతులు లేని గౌన్ల ఫాషను తోడైనది, పత్రికల ప్రకటనలు ఆ పాఠము చెప్పినవి.

కొత్త కోరిక పుట్టించుటయే పాపమని నేననను. మా అమ్మ కుంకుడుకాయలతో తలంటేది; షాంపూ వచ్చినది, సులువైనది, ఎవరికిని అవమానము కలుగలేదు. కాని ఒక మనిషి తన ఒంటిని తానే అసహ్యించుకొంటే గాని అమ్ముడుపోని వస్తువు ఉన్నదే, దాని సంగతి వేరు.

మన దేశములో అటువంటిది 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము. నల్లని అమ్మాయికి ఉద్యోగము రాదు, సంబంధము కుదరదు. క్రీము రాసుకుంటుంది, అన్నీ వస్తాయి: ఈ కథను టీవీలో ఎన్నేళ్ళు చూచినామో! 2005లో ఇంకొక కంపెనీ మగవారికి కూడా వేరే క్రీము తెచ్చినది. 2020లో ఫెయిర్ అనే మాటను తీసివేసి గ్లో అండ్ లవ్లీ అని పేరు మార్చినారు.

కంపెనీని తిట్టుట సులభము. అయితే ఆ సిగ్గును కంపెనీ పుట్టించినదా? అమెరికాలో రేజరు అమ్మినవారు పాఠము నేర్పవలసి వచ్చినది. ఇక్కడ ఆ శ్రమ లేదు. పాఠము మన ఇండ్లలో ముందే జరిగియున్నది. 1998లో మా పెద్దమ్మాయి పెండ్లికి పరిచయ పత్రము నా చేతితోనే వ్రాసినాను. బిడ్డది చామనచాయ. నేను "ఎరుపు" అని వ్రాసినాను. ఆ సాయంకాలము అది చదివి బిడ్డ ఏమియు అనలేదు. మరుసటి వారము అద్దము దగ్గర ఆ క్రీము ట్యూబు కనబడినది. టీవీ చూచి కొన్నదని అప్పుడు అనుకున్నాను.

మొన్న మా తమ్ముడు తన మనుమరాలి పత్రము వ్రాసిపెట్టమని నా వద్దకు తెచ్చినాడు. చదువు, ఉద్యోగము, ఎత్తు అన్నీ వ్రాసి, "రంగు" అన్న చోట గీత పెట్టి విడిచినాను. "అన్నయ్యా, అది లేకపోతే ఫోను చేసి మొదట అడిగేది అదే గదా" అన్నాడు తమ్ముడు. కాగితము తిరిగి తీసుకొని, ఆ గీత మీద తానే ఏదో వ్రాసికొని వెళ్ళినాడు. ఏమి వ్రాసినాడో నేను అడుగలేదు.